కారుకి చవక టైర్లు వేయించాలా వద్దా? తేల్చుకోవడం ఇలా

నాలుగేళ్ల కిందట ఒక పాత వ్యాగనార్ కొన్నాను. అమ్మినాయన నన్ను బండి చుట్టూ తిప్పి చూపిస్తూ, "టైర్లు చూడండి, నాలుగూ కొత్తవే. రెండేళ్ల దాకా మీరు చెయ్యి పెట్టక్కర్లేదు" అన్నాడు. చూశాను. నల్లగా నిగనిగలాడుతున్నాయి, గాడులు లోతుగా ఉన్నాయి. ఆ టైర్ల మొహం చూసే బేరంలో అయిదు వేలు వదులుకున్నాను.

రెండు నెలల తర్వాత, శ్రావణమాసం వానలో హైదరాబాదు నుంచి విజయవాడ వస్తున్నాను. నందిగామ దగ్గర ముందున్న లారీ బ్రేకు వేసింది. నేనూ వేశాను. లారీ ఆగింది, నా బండి ఆగలేదు. స్టీరింగు ఎడమకి తిప్పేసి మట్టిలోకి దించబట్టి లారీ కింద దూరలేదు. మర్నాడు ఆటోనగర్ వెళ్లి టైరు విప్పించాను. అక్కడ నాకు బాగా తెలిసిన టైర్ల బాబాయ్ ఒకాయన గాడిలో వేలు పెట్టి అటూ ఇటూ రాసి, "ఇది అచ్చులో పడ్డ గాడి కాదు అబ్బాయ్, కత్తితో కోసింది" అన్నాడు. అరిగి నున్నబడిపోయిన టైరుకి వేడి కత్తితో మళ్లీ గాడులు కోసి, నల్ల పాలిష్ కొట్టి బిగించారు. ఒకచోట కత్తి మరీ లోతుకి దిగి లోపలి దారాలు కూడా కనిపిస్తున్నాయి.

అంతమాత్రాన నేను చవక టైర్లంటే మండిపడే మనిషిని కాలేదు. ఇప్పుడు నా బండికి ఉన్నవి కూడా ఖరీదైనవేం కావు. కాకపోతే ఎవరైనా ధర తక్కువ చెప్పగానే ఒక ప్రశ్న అడగడం అలవాటైంది: ఎందుకు తక్కువ? టైరు చవక కావడానికి నాలుగైదు కారణాలుంటాయి. కొన్నింటికి నిశ్చింతగా కొనొచ్చు, కొన్నింటికి ఊరికే ఇచ్చినా వద్దనాలి. ఏది ఏదో పట్టుకోవడం ఎలాగో చెబుతాను.

1. ముందు పాత టైర్లు చూడండి

షాపుకి పోయేముందు బండిని నీడన పెట్టి, స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పి, ముందు చక్రం దగ్గర కూర్చోండి. గాడి అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న గట్టు కనిపిస్తుంది. దొరక్కపోతే టైరు అంచున చిన్న త్రికోణమో, టీడబ్ల్యూఐ అనే ఇంగ్లిష్ అక్షరాలో వెతకండి; అక్కడి నుంచి సూటిగా లోపలికి చూస్తే గట్టు ఉంటుంది. దాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. చుట్టూ ఉన్న రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. మన చట్టం ఒప్పుకునే కనీస లోతు కూడా అదే.

కొత్త కారు టైరు గాడి లోతు సుమారు 7, 8 మిల్లీమీటర్లు ఉంటుంది. చట్టం ఒప్పుకుంది కదా అని వానాకాలంలో 1.6 దాకా లాగకండి. 3 మిల్లీమీటర్లకి వచ్చేసరికే నీళ్లని పక్కకి నెట్టే శక్తి బాగా తగ్గిపోతుంది. తొలకరి పడేలోపు మార్చేయడం మంచిది.

లోతు ఉండి వయసు మీరిన టైర్లూ ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు ఆదివారం గుడికి మాత్రమే తీసే కార్లకి ఇవి ఎక్కువ. గాడులు కొత్తవాటిలా ఉంటాయి కానీ టైరు పక్క గోడ మీద, అంటే నేలకి ఆనని పక్క భాగం మీద, సన్నటి పగుళ్లు పడి ఉంటాయి. అయిదేళ్లు దాటాక ఏటా ఒకసారి చూపించండి, పదేళ్లయితే ఎలా ఉన్నా తీసేయండి అని టైర్ల కంపెనీలు చెబుతాయి. రెంటచింతల ఎండల్లో ఆరుబయట నిలబడే బండికైతే నేను ఆరేళ్లకి మించి నమ్మను.

ఇంకో సంగతి. టైరు ఎంత అరిగిందనేదే కాదు, ఎలా అరిగిందో కూడా చూడండి. రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే చాలాకాలం గాలి తక్కువతో తిప్పారని. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువ పెట్టారని. లోపలి అంచు ఒక్కటే నున్నబడితే అలైన్‌మెంట్, అంటే చక్రాలు తిన్నగా నిలబడే కోణం, తప్పిందో, సస్పెన్షన్ బుష్‌లు పోయాయో. ఇవి సరిచేయించకుండా చవక టైరు వేసినా, ఖరీదైన టైరు వేసినా పది, పదిహేను వేల కిలోమీటర్లకే మళ్లీ షాపు ముందు నిలబడతారు. "ఆ కంపెనీ టైర్లు అసలు మన్నవండీ" అని తిట్టుకునేవాళ్లలో చాలామంది బండి అలైన్‌మెంటే సరిగా ఉండదు.

2. కిలోమీటరుకి ఎంత పడుతుందో లెక్కేయండి

ధరల్ని నేరుగా పోల్చకండి. టైరు ధరని అది తిరిగే కిలోమీటర్లతో భాగించాలి. కింద అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి, మీ ఊళ్లో చెప్పిన ధరలు పెట్టి మీరు మళ్లీ వేసుకోండి.

చవకది ఒక్కోటి 3,200. నాలుగూ కలిపి 12,800. పాతిక వేల కిలోమీటర్లు వచ్చాయనుకుంటే కిలోమీటరుకి 51 పైసలు పడింది. మంచిది ఒక్కోటి 4,800. నాలుగూ 19,200. నలభై అయిదు వేలు వచ్చాయనుకుంటే కిలోమీటరుకి 43 పైసలు. అంటే ఖరీదైనదే చవక. పైగా చవకది తొందరగా మార్చినప్పుడల్లా బిగింపు, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ డబ్బులు అదనం.

ఇంతవరకు అందరూ చెప్పేదే. కానీ ఈ లెక్క అందరికీ ఒకలా రాదు. మీరు ఏడాదికి అయిదు వేల కిలోమీటర్లు మాత్రమే తిరుగుతారనుకోండి. నలభై అయిదు వేలు తిరగడానికి తొమ్మిదేళ్లు పడుతుంది. ఈలోపే రబ్బరు గట్టిపడి, పగిలి, ఆరేళ్లకే తీసేయాల్సి వస్తుంది. అప్పటికి తిరిగింది ముప్ఫై వేలు. 19,200ని ముప్ఫై వేలతో భాగిస్తే కిలోమీటరుకి 64 పైసలు. చవకది అయిదేళ్లలో తన పాతిక వేలూ తిరిగేసి 51 పైసలకే పని ముగించింది. కాబట్టి నెలకి నాలుగొందల కిలోమీటర్లు తిరిగే మనిషికి "ఇది అరవై వేలు వస్తుంది సార్" అని అమ్మడమంటే, ఇద్దరుండే ఇంటికి ఇరవై లీటర్ల కుక్కర్ అంటగట్టడమే. క్యాబ్ తోలే అబ్బాయికి మాత్రం ఆ అరవై వేలే ప్రాణం.

ధరలు కనుక్కునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త కారు టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు కొన్న బావమరిది చెప్పిన ధర పట్టుకుని బేరమాడకండి, కొత్త ధర అడగండి. "బిల్లు వద్దంటే ఇంకో అయిదొందలు తగ్గిస్తా" అన్నా ఒప్పుకోవద్దు. రేపు టైరు ఉబ్బితే కంపెనీ ముందుగా అడిగేది ఆ బిల్లే.

3. తర్వాత బ్రేకు లెక్క వేయండి

పైసల లెక్కలో కనిపించనిది ఇదే. గంటకి 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 22 మీటర్లు. తడి రోడ్డు మీద ఒక కారు బ్రేకు పట్టుకున్న చోటు నుంచి 36 మీటర్లలో ఆగిందనుకుందాం. అదే కారు, అవే బ్రేకులు, టైరు పట్టు మాత్రం ఏడో వంతు తక్కువ. అది 42 మీటర్లకి ఆగుతుంది. ఆరు మీటర్లే కదా, ఒకటిన్నర కారు పొడవు, ఏముందిలే అనిపిస్తుంది.

కానీ మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన ఆ 36 మీటర్ల దగ్గర రెండో కారు వేగం ఎంతో చూడండి. గంటకి ఇంకా 30 కిలోమీటర్లు. ఇందులో మాయేమీ లేదు, ఇంటర్‌లో చదివిన ఫిజిక్స్ సూత్రమే. వేగం బ్రేకు దూరం పొడుగునా సమానంగా తగ్గదు. చివరి కొద్ది మీటర్లలోనే చాలా వేగం చస్తుంది. ఆ చివరి మీటర్లు మీకు దక్కకపోతే 30 వేగంతో పోయి గుద్దుకోవడమే. నందిగామ దగ్గర మట్టి రోడ్డు దొరక్కపోయి ఉంటే నాకు జరిగేది అదే.

కాబట్టి మీరు ఎక్కడ తిప్పుతారో నిజాయితీగా చెప్పుకోండి. పిల్లల్ని బడిలో దింపి, కూరగాయలు తెచ్చుకుని, నలభై దాటని వేగంతో ఊళ్లోనే తిరిగే బండికి మామూలు రకం టైరు చాలు. వారం వారం హైవే ఎక్కేవాళ్లు, ఔటర్ రింగు రోడ్డు మీద వేగంగా వెళ్లే లేన్లలో పోయేవాళ్లు, రాత్రిపూట వానలో శ్రీశైలం ఘాటో అరకు ఘాటో దిగేవాళ్లు పట్టు దగ్గర పిసినారితనం చూపకూడదు. వీళ్లు టైరు మీద మిగుల్చుకునే ఆరు వేలు ఒక్క బంపరుకి కూడా చాలవు.

4. ఇప్పుడు అడగండి: ఎందుకు చవక?

షాపులో ఈ ప్రశ్నకి సూటిగా జవాబు రాదు. "ఆఫర్ సార్" అంటారు. కాబట్టి కారణం మీరే కనిపెట్టాలి. నేను చూసినంతలో అయిదు రకాలున్నాయి.

మొదటిది, పేరున్న కంపెనీ తయారు చేసే మామూలు మోడల్. ఒకే సైజులో ఒకే కంపెనీ రెండు మూడు తరగతుల టైర్లు అమ్ముతుంది. సియట్‌లో మైలేజ్ అనేది ఎక్కువ కిలోమీటర్ల కోసం, సెక్యూరాడ్రైవ్ పట్టు కోసం. అపోలోలో అమేజర్ 4జీ లైఫ్ ఎక్కువ కాలం మన్నడానికి, ఆల్నాక్ 4జీ రోడ్డు మీద కుదురుగా నిలబడడానికి. మన్నడానికి చేసిన రకాల్లో రబ్బరు కాస్త గట్టిగా ఉంటుంది, అందుకే నిదానంగా అరుగుతుంది, తడిలో పట్టు కూడా అందుకే కొంచెం తక్కువ. రోడ్డు చప్పుడు కూడా లోపలికి కాస్త ఎక్కువ వినిపించవచ్చు. అంతకుమించి భయపడాల్సిందేం లేదు. చవక టైరు కావాలనుకునే పదిమందిలో ఏడెనిమిది మందికి ఇదే సరైన జవాబని నా అభిప్రాయం. ఊరూపేరూ లేని టైరుకీ దీనికీ తేడా చాలాసార్లు నాలుగైదు వందలకి మించదు, కానీ క్లెయిమ్ కోసం తిరగాల్సి వస్తే తలుపు తట్టడానికి ఒక ఇల్లంటూ ఉంటుంది. మా బాబాయ్ ఎమ్మారెఫ్ టైరు చూపించినప్పుడల్లా "సదాశివపేటలో చేసింది, మన దగ్గరదే" అంటాడు. ఫ్యాక్టరీ దగ్గరున్నంత మాత్రాన టైరు గట్టిపడదు గానీ, ఆయన సంతోషం ఆయనది.

రెండోది, కొత్త కార్ల నుంచి విప్పినవి. కొంతమంది కారు ఇంటికి రాగానే పెద్ద అల్లాయ్ వీల్స్, వెడల్పు టైర్లు వేయించుకుంటారు. కంపెనీతో వచ్చిన టైర్లు పదో, వందో కిలోమీటర్లు తిరిగి షాపులో ఉండిపోతాయి. అవి కొత్తవాటికంటే బాగా తక్కువకి వస్తాయి. చవక టైర్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఇవే. టైరు మీద ఆ చిన్న చిన్న రబ్బరు వెంట్రుకలు ఇంకా నిలబడి ఉన్నాయేమో చూడండి. నాలుగూ ఒకే మోడల్, దగ్గర దగ్గర తయారీ వారాలు అయి ఉండాలి. కంపెనీ వారంటీ మీ పేరున రాకపోవచ్చు కాబట్టి ఆ మేరకు ధర తగ్గాలి. మీ సైజు దొరకడం మాత్రం అదృష్టం. ఫోన్ నంబరిచ్చి వస్తే వచ్చినప్పుడు చెబుతారు.

మూడోది, పాత స్టాకు. టైరు వాడకపోయినా రబ్బరుకి వయసు వస్తుంది. పక్క గోడ మీద డాట్ (డి, ఓ, టి) అనే ఇంగ్లిష్ అక్షరాల తర్వాత పొడుగాటి కోడు ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెలు తయారైన వారం, ఏడాది. నిరుడు బాబాయ్ షాపులో జరిగిన సంభాషణ:

"బాబాయ్, దీని మీద 3121 అనుంది."

"ఆఁ, 2021లో ముప్ఫై ఒకటో వారం. ఆగస్టు సరుకు."

"అంటే ఇంత పాతదా?"

"గోడౌన్లో నీడనే ఉంది అబ్బాయ్. ఒక్క పొద్దు ఎండ చూడలేదు."

"సరే, బిల్లు మీద ఈ నంబరు రాసిస్తావా?"

ఆయన నవ్వి, కుర్రాణ్ని కేకేసి లోపలి నుంచి వేరేది తెప్పించాడు. తెలిసిన మనిషి దగ్గరే ఇలా ఉంటుంది, ఆయన్ని తప్పుపట్టను. మీరు చూడకపోతే పాతదే ముందు పోతుంది, వ్యాపారం కదా. ఏడాది లోపుదైతే ఆలోచించకుండా తీసుకోండి. రెండేళ్లదైతే గట్టిగా తగ్గిస్తేనే తీసుకోండి. మూడేళ్లు దాటితే వద్దు. వారంటీని చాలా కంపెనీలు తయారీ తేదీ నుంచి లెక్కేస్తాయి కాబట్టి, పాతది కొంటే వారంటీ కూడా పాతబడి వస్తుంది. ఇంకో చిక్కుంది: ఈ నాలుగంకెల కోడు చాలా టైర్లకి ఒక పక్కే ఉంటుంది. బిగించాక ఆ పక్క లోపలికి పోతే బండి కింద దూరితే తప్ప కనపడదు. కాబట్టి రిమ్ముకి ఎక్కించకముందే చూడాలి.

నాలుగోది, ఎప్పుడూ వినని పేరు. ఒకప్పుడు చైనా టైర్లు కుప్పలుగా వచ్చేవి. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేశాక బాగా తగ్గాయి. వినని పేరైనంత మాత్రాన చెత్తదని కాదు. పెద్ద కంపెనీలకి రెండో బ్రాండ్లు ఉంటాయి, ఉదాహరణకి ఫైర్‌స్టోన్ బ్రిడ్జ్‌స్టోన్ వాళ్లదే. మూడు విషయాలు కనుక్కోండి. ఐఎస్ఐ గుర్తు, దాంతోపాటు ఐఎస్ 15633 అనే నంబరు ఉందా? కారు టైరుకి మన దేశంలో అది తప్పనిసరి. ఎవరు తయారు చేశారు, ఇక్కడ ఎవరు తెప్పిస్తున్నారు? లోపం వస్తే క్లెయిమ్ ఎక్కడ చేయాలి? మూడో ప్రశ్నకి షాపువాడు "నేనున్నా కదా సార్" అంటే దండం పెట్టి బయటికి రండి. గుర్తే లేకపోతే ఇక మాటలతో పన్లేదు.

అయిదోది, వాడినవి, కోసినవి. కారుకి సెకండ్ హ్యాండ్ టైరు వద్దనే చెబుతాను. లోపల పడిన దెబ్బ బయటికి తెలియదు, ఎన్నిసార్లు గాలి లేకుండా తిప్పారో తెలియదు. కానీ మీరు కొనకపోయినా, నాలా పాత బండి కొన్నప్పుడు ఇవి మీ ఇంటికి వచ్చేస్తాయి. అందుకే పట్టుకోవడం నేర్చుకోండి. ముందు తడిగుడ్డతో గట్టిగా తుడవండి, పాలిష్ పోతుంది. తర్వాత గాడి అడుగు చూడండి. అచ్చులో తయారైన గాడి అడుగు నున్నగా, మూలలు కాస్త గుండ్రంగా ఉంటాయి; కోసిన గాడి మూలలు పదునుగా, అడుగు గరుగ్గా, చాకుతో జామకాయ చెక్కినట్టు చారలు చారలుగా ఉంటుంది. గాడి అడుగున ఉండాల్సిన ఆ 1.6 మిల్లీమీటర్ల గట్టు మాయమైందా, లేక మధ్యలో తెగి ఉందా? అది బలమైన సాక్ష్యం. గాడుల మధ్య ఉండే రబ్బరు దిమ్మల (బటన్ల) మీద వెంట్రుకల్లాంటి సన్నటి చీలికలు ఉంటాయి చూడండి, అవి అరిగిపోయాక కత్తితో మళ్లీ పెట్టడం కష్టం. పెద్ద గాడులు లోతుగా ఉండి సన్న చీలికలు లేకపోతే అనుమానించండి. గాడి అడుగున మిగలాల్సిన రబ్బరునే కోసేశారు కాబట్టి, మే నెల రోడ్డు మీద అలాంటి టైరు ఎప్పుడు పేలుతుందో చెప్పలేం.

5. పక్క గోడ చదవండి

కారణం తెలిసిపోయింది, టైరు నచ్చింది. కొనేముందు ఒక వరస చదవాలి. ఉదాహరణకి 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకోండి. 185 మిల్లీమీటర్ల వెడల్పు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, 15 అంగుళాల రిమ్ము. ఇంతవరకు షాపువాడు తప్పు చేయడు. తప్పు జరిగేది చివరి రెండిటిలో. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోల దాకా మోస్తుంది. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగం దాకా పరీక్షించినది. టి అయితే 190, ఎస్ అయితే 180.

"మనం ఎక్కడ 180లో పోతాం సార్" అంటారు. పోం. కానీ ఆ అక్షరం వేగానికి సంబంధించిందే కాదు, వేడిని తట్టుకునే శక్తికి కూడా. నిండా మనుషులు, డిక్కీలో పెళ్లి సామాన్లు, నలభై రెండు డిగ్రీల ఎండలో కాంక్రీటు రోడ్డు మీద మూడు గంటలు ఆపకుండా పోయే టైరుకి అది పనికొస్తుంది. డ్రైవర్ డోరు తెరిస్తే స్తంభం మీద అతికించిన స్టిక్కర్లోనో, కారు మాన్యువల్లోనో మీ బండికి ఏది కావాలో ఉంటుంది. దానికంటే పైది ఫరవాలేదు, కిందది వద్దు.

ఇప్పుడు కొన్ని టైర్ల మీద ఫ్రిజ్‌కి ఉన్నట్టే నక్షత్రాల లేబుల్ కనిపిస్తుంది, కేంద్రప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఇచ్చేది. అది ముఖ్యంగా పెట్రోలు ఎంత ఆదా అవుతుందో చెప్పే గుర్తు. అయిదు నక్షత్రాలున్నాయి కాబట్టి బ్రేకు కూడా బాగా పడుతుందని అనుకోకండి. తడిలో పట్టు, రోడ్డు మీద దొర్లేటప్పుడు అయ్యే శక్తి నష్టం, చప్పుడు ఈ మూడిటికీ కనీస ప్రమాణాలు పెడుతూ 2022 జూన్‌లో కేంద్ర రవాణా శాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. ఇటీవల తయారైన టైరు కొనడానికి అదొక అదనపు కారణం.

6. రెండే మార్చేట్టయితే

డబ్బు చాలక రెండే కొనడం మామూలే, నేనూ చేశాను. రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయి ఉండాలి, ఒకే ఇరుసుకి వేయాలి. ఎడమ ఒకటి, కుడి ఒకటి వేరు వేరు వేయిస్తే బ్రేకు కొట్టినప్పుడు బండి పక్కకి లాగుతుంది.

ఎక్కడ వేయాలన్నదే అసలు గొడవ. షాపువాడు ముందు చక్రాలకి వేస్తానంటాడు. ముందువే తిప్పుతాయి, ముందువే లాగుతాయి, ముందువే తొందరగా అరుగుతాయి, కాబట్టి కొత్తవి అక్కడే అని. వినడానికి బాగుంటుంది. పెద్ద టైర్ల కంపెనీలు చెప్పేది మాత్రం దీనికి పూర్తిగా ఎదురు: కొత్తవి వెనక్కే. ఎందుకంటే ముందు చక్రాలు తడిలో జారితే బండి తిన్నగా పోవాలని చూస్తుంది. యాక్సిలరేటర్ వదిలితే మళ్లీ పట్టు దొరుకుతుంది, మనలాంటి మామూలు డ్రైవరుకి కూడా అర్థమవుతుంది. వెనక చక్రాలు జారితే బండి బొంగరంలా తిరుగుతుంది. దాన్ని నిలబెట్టడం రేసు డ్రైవర్లకే కష్టం. కాబట్టి వెనక ఉన్న మంచివి ముందుకి, కొత్తవి వెనక్కి వేయమనండి. షాపు కుర్రాడు విచిత్రంగా చూస్తాడు, నాలుగు చక్రాలూ విప్పాలని విసుక్కుంటాడు. టీకి ఓ ఇరవై ఇవ్వండి.

7. బిగించేటప్పుడు పక్కనే నిలబడండి

సోఫాలో కూర్చుని ఫోన్ చూస్తే కుదరదు. పాత ట్యూబ్‌లెస్ వాల్వులు తీసి కొత్తవి వేయమనండి, వాటి ధర చాలా తక్కువ. బ్యాలెన్సింగ్ మిషన్ మీద రెండు పక్కలా సున్నా వచ్చేదాకా చూడండి. అలైన్‌మెంట్ ప్రింట్ అడిగి తీసుకోండి. తయారీ నంబర్లు బిల్లు మీద రాయించండి.

గాలి ఎంత పెట్టాలో టైరు మీద చూడకండి, అక్కడ రాసింది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. డోరు స్తంభం మీద స్టిక్కర్లో ఉన్నదే మీ బండికి. చల్లగా ఉన్నప్పుడు చూసే అంకె అది, దూరం తిరిగి వచ్చి చూస్తే ఎక్కువే చూపిస్తుంది. నైట్రోజన్ పెట్టించాలా అంటే, ఊరికే పెడితే పెట్టించుకోండి. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఏది పెట్టించినా నెలకోసారి చూసుకోవడం తప్పదు. గాలి తక్కువతో పరిగెత్తే టైరు పక్క గోడ ప్రతి చుట్టుకీ నలుగుతుంది, వేడెక్కుతుంది. ఎండాకాలంలో హైవేల మీద టైర్లు పేలడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఈ విషయంలో గాలి సరిగ్గా ఉన్న చవక టైరు, గాలి తక్కువున్న ఖరీదైన టైరుకంటే ఎన్నో రెట్లు నయం.

కొత్త టైరు మీద అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు పొర కొంత మిగిలి ఉంటుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు అది అరిగేదాకా గట్టి బ్రేకులు, వేగంగా మలుపులు వద్దు. ఆ రోజే హైవే ఎక్కి పరీక్షించాలనిపిస్తుంది, ఆగండి.

విప్పిన పాతవాటిలో అన్నిటికంటే మంచిది ఒకటి డిక్కీలో వేయించుకోండి, అంతకుముందు స్టెప్నీ తయారీ తేదీ కూడా చూడండి. నా వ్యాగనార్ స్టెప్నీ మీద 2012 అని ఉంది. గాడులు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి, ఒక్కసారి కూడా వాడలేదు. వేలితో నొక్కితే పక్క గోడ మీద పగుళ్లు నోరు తెరిచాయి. బాబాయ్ దాన్ని పక్కకి దొర్లించి, "దీన్ని మాత్రం షాపు ముందు పూలకుండీకి ఉంచుతా" అన్నాడు. ఇప్పటికీ అక్కడే ఉంది, మందార మొక్క వేశాడు.